పెళ్ళిచీర కొంగులో రూపాయి

పుంగనూరులో బస్సెక్కినానమ్మా, గంటలో మీ మదనపల్లెలో ఉంటా, చీర బయట తీసి పెట్టుకో అని చెప్పి సుభద్రమ్మ ఫోను పెట్టేసింది. రమ్యశ్రీ మాత్రం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. ఎడమ చేతిలో ఉయ్యాల తాడు. ఉయ్యాలలో, నిద్ర ముంచుకొస్తున్నా నిద్రపోనని పంతం పట్టిన ఏడాదిన్నర పిల్లోడు. మంచం మీద ఆ చీర. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, తెల్ల కాగితంలో చుట్టి, పైన 'అవ్వ పెట్టె' అని తన షాపు పేరున్న గుండ్రటి స్టిక్కరు కూడా అంటించిన చీర. హైదరాబాదులో ఎవరో డాక్టరమ్మ కొనుక్కున్నది. పిల్లోడికి జ్వరం రాకుండా ఉండుంటే పోయిన వారమే కొరియర్‌లో వెళ్ళిపోయి ఉండేది. అప్పుడు చీరే లేదని చెప్పాల్సి వచ్చేది, అదొక తంటా. ఇప్పుడు చీర ఉంది. చీర కొంగున ఉండాల్సిన ముడి లేదు.

కుప్పం సుభద్రమ్మను రమ్యశ్రీ ఎన్నడూ చూడలేదు. చూసిందల్లా ఆమె కోడలు మాధవీలతను. ఆ పిల్ల పుట్టిల్లు ఈ ఊరే, రెండు వీధుల అవతల. సీమంతం అయ్యాక కాన్పుకు వచ్చింది, వస్తూ వస్తూ అత్తగారి ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత పట్టుచీరలు కొన్ని తెచ్చి, మా అత్త కట్టేదీ లేదు పెట్టేదీ లేదు, ఊరికే పురుగులు కొట్టేస్తాండాయి, నీ ఇన్‌స్టాలో అమ్మిపెట్టక్కా అని ఇచ్చింది. ఈ రోజు తెల్లారేసరికి ఆ పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. కబురు కుప్పం వెళ్ళింది. సుభద్రమ్మ బయల్దేరబోతూ పెట్టె తెరిస్తే పెళ్ళిచీర లేదు. వియ్యపురాలిని అడిగి నంబరు తీసుకుని, రమ్యశ్రీ పిల్లోడికి ఇడ్లీ తినిపిస్తుండగా ఫోను చేసింది. గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండేది, కోపంగా మాట్లాడేవాళ్ళకు చెప్పడానికి రమ్యశ్రీ దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆమె మెల్లగా, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు చెప్పింది. కోడలికి ముందు రెండు కాన్పులు అచ్చిరాలేదు. మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజు ఎవరికీ చెప్పకుండా గంగమ్మకు మొక్కుకుని, తన పెళ్ళిచీర కొంగులో పసుపు బియ్యంతో ఒక రూపాయి పెట్టి ముడేసింది. బిడ్డ పుట్టాక ఆ కొంగులోనే ఎత్తుకుని గుడికి పోవాలి, అమ్మ ఎదురుగానే ముడి విప్పాలి, అంతదాకా ఎవరూ విప్పకూడదు. మొక్కు సంగతి బయటికి పొక్కకూడదని కోడలికి కూడా చెప్పలేదు, అదే కొంప ముంచింది.

"ముడి అట్లే ఉండాది కదమ్మా?"

"ఉండాదమ్మా."

సూది గుచ్చితే నొప్పే ఉండదు నాన్నా అని పిల్లోడికి చెప్పినంత సులువుగా వచ్చేసింది ఆ మాట. ఆలోచించి అబద్ధం ఆడి ఉంటే కనీసం తెలివైనదనిపించుకునేది. ఆలోచించనేలేదు, అవతల గొంతు ఏం వినాలనుకుంటోందో అది నోట్లోంచి జారిపోయింది. మధ్యాహ్నం దాకా దాన్ని పక్కన పెట్టి పనులు చేసుకుంది. డాక్టరమ్మకు సారీ అండీ ఈ చీర ఇవ్వలేను అని మెసేజు పెట్టింది, ఆవిడ వరసగా ఏడుపు బొమ్మలు పంపింది. పెద్దపిల్ల జాహ్నవిని స్కూలు నుంచి తెచ్చుకుంది. అన్నం, పప్పు, ఒలకబోసిన నీళ్ళు, తుడుచుడు. ఇప్పుడిక పక్కన పెట్టడానికి చోటు లేదు, బస్సు పుంగనూరు దాటేసింది.

ఆ ముడి విప్పిన రోజు గుర్తుందా అంటే ఉంది, గుర్తుండకూడనంత బాగా ఉంది. పిల్లోడికి జ్వరం, చంకలోంచి దిగడు, మెడ మీద వాడి ఊపిరి వేడిగా తగులుతోంది. మంచం నిండా మాధవీలత ఇచ్చిన చీరలు పరుచుకుని ఉన్నాయి. కాఫీ గింజ రంగు ఒంటికి మామిడిపండు రంగు అంచు, ఇప్పటి జరీలా కళ్ళు పొడిచేది కాదు, తడిమితే చల్లగా తగిలే జరీ. కొంగు చివర చిన్న ముడి. వేళ్ళతో రాలేదు, గట్టిగా బిగిసిపోయి ఉంది. ఒక చేత్తో పిల్లోణ్ణి పట్టుకుని ఇంకో చేత్తో కొంగు నోటి దగ్గరకు తెచ్చుకుని పళ్ళతో లాగింది. నోట్లో పసుపు చేదు. బియ్యం గింజలు గచ్చు మీద రాలాయి, రూపాయి మంచం కిందికి దొర్లింది, జాహ్నవి పాకుతూ వెళ్ళి తెచ్చి ఇచ్చింది. ఏ అవ్వ డబ్బులో పాపం అనుకుంది. అలాంటివి ఎన్నో వస్తాయి మరి. పాత చీరల కొంగుల్లో ఏం ఉండవు? నలిగిన వక్కలు, తలనొప్పి మాత్ర, బీరువా తాళం చెవి, నమిలినట్టు మెత్తబడిన బస్సు టికెట్టు, బిళ్ళలు, బిళ్ళలు. అన్నిటినీ ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసిపెడుతుంది. కదిలిస్తే గలగలమంటుంది, పిల్లోడు ఏడుపు మాని అటు చూస్తాడు. దాన్ని గిలక్కాయ కింద వాడుకుంటోంది ఇన్నాళ్ళుగా.

తాడు లాగింది. ఉయ్యాల కొక్కెం కిర్రుమంది. ఉయ్యాల కూడా చీరే, ఆమె మొదటి కాన్పుకు అత్తగారు నాగరత్నమ్మ నిమ్మనపల్లె నుంచి తెచ్చిన నూలుచీర, జాహ్నవి అందులోనే పెరిగింది. నాగరత్నమ్మకు కోడలి వ్యాపారం అస్సలు పడదు. ఎవరెవరో కట్టి విడిచిన గుడ్డలు, ఏ రోగంతో పోయినారో ఏమో, బాలింతలు తిరిగే ఇంట్లో యాల పెడతావు అంటుంది. వచ్చినప్పుడల్లా మూటల మీద పసుపు నీళ్ళు చల్లుతుంది. ఒకసారి ఆ నీళ్ళు పడి ఒక చందన రంగు చీర మీద మరకలయ్యాయి, రమ్యశ్రీ మూడు రోజులు అత్తగారితో మాట్లాడలేదు. ఇప్పుడు ఆమెను అడగొచ్చు, ఇలాంటి ముడి విప్పితే ఏం చేయాలి అని. అడిగితే ఏం చెబుతుందో తెలుసు. ముందు ఒక గంట తిడుతుంది, తర్వాత ఏదో మార్గం చెబుతుంది, ఆ మార్గంలో తప్పకుండా కోడి ఉంటుంది. అంత టైము లేదు. మొగుడు శివకుమార్‌కు ఫోను చేద్దామంటే అతను టమోటా మండీలో వేలం పాట మధ్య ఉంటాడు, ఎత్తడు. ఎత్తితే, దానిదేముంది, ఇంకో బిళ్ళ పెట్టి కట్టెయ్యి, ఆమెకెట్లా తెలుస్తాది అంటాడు. అతని సలహాలన్నీ అంతే, గంపలో పైన మంచి కాయలు పేర్చినట్టు.

అయినా ఆ సలహానే కదా పొద్దుట్నుంచి తన తలలో తిరుగుతున్నది. అతను చెప్పకుండానే.

వీధిలో మగ్గాల చప్పుడు. మదనపల్లె నేతపేట నీరుగట్టువారిపల్లెలో ఏ ఇంట్లో అద్దెకున్నా ఈ చప్పుడు తప్పదు, కింద కొత్త చీరలు నేస్తుంటే తను పైన పాత చీరలు అమ్ముతోంది. జాహ్నవి పుట్టాక స్కూల్లో టీచరు ఉద్యోగం మానేసినప్పుడు, పాపకు పాలిస్తూ రాత్రీ పగలూ ఒకే గోడ వైపు చూస్తూ కూర్చున్న రోజుల్లో, అమ్మమ్మ చీర ఒకటి కట్టుకుని ఫోటో పెట్టింది. ఊరికే పెట్టింది. ఎవరో అమ్ముతారా అని అడిగారు. ఇవ్వలేదు గానీ ఆ మాట పట్టుకుంది. పాపను చంకనేసుకుని పుంగనూరు, పలమనేరు, రామసముద్రం, కుప్పం, ఎవరింట్లో పెట్టెలున్నాయంటే అక్కడికల్లా పోయింది. చిరుగులుంటే పక్కింటి నూరున్నీసా రఫూ చేసి పెడుతుంది, ఎక్కడ చిరిగిందో మళ్ళీ తనకే కనబడదు. ప్రతి చీరకూ ఒక కథ రాస్తుంది. ఈ చీర కట్టినామె పెళ్ళికి ముందు రైలు చూడలేదు. ఈ చీర ఉతికిన రోజు ఊరి చెరువు తెగింది. జనానికి చీర కంటే కథ కావాలి. అడిగి అడిగి, పెట్టె తెరిచిన వాళ్ళ చేత చెప్పించుకునేది. ఈమధ్య అడగడం తగ్గింది. పిల్లలిద్దరయ్యాక ఎవరింటికి పోయినా ఒక చెవి వాళ్ళ మాటల మీద, ఒక చెవి పిల్లోడి మీద. మాధవీలతను ఆ చీర గురించి ఒక్క మాట అడగలేదు. అత్త పెళ్ళిచీరంట అన్నది చాలు, మిగతాది తనే అల్లుకుంది. ఎడ్లబండి మీద కుప్పం వచ్చిన పదహారేళ్ళ పెళ్ళికూతురు అని రాసింది. సుభద్రమ్మ ఎడ్లబండి ఎక్కిందో లేదో దేవుడికే తెలియాలి.

పిల్లోడు ఉయ్యాల అంచు పట్టుకుని లేచి నిలబడబోయాడు. తల మీద మెల్లగా నొక్కింది. పడుకో నాన్నా, పడుకో బంగారం, నీ కాళ్ళకు దండం పెడతా. సాయంత్రం ఇన్‌స్టాలో చీరలు చూపించే లైవ్ ఉంది, ఎప్పుడు మొదలెడతావక్కా అని మెసేజులు వచ్చి పడుతున్నాయి, ఫోను బొద్దింకలా మంచం మీద కదులుతోంది. వీడు పడుకుంటే సీసా తెచ్చుకోవచ్చు. వీడు పడుకుంటే ఆలోచించుకోవచ్చు. ఈ రెండేళ్ళలో ఆమె ఆలోచించాల్సినవన్నీ వీడు పడుకున్నాక అని పోగేసి పెట్టుకున్నది, వీడు పడుకునేసరికి తనకూ నిద్ర వచ్చేస్తుంది. ఒక పని మీద మనసంతా పెట్టి ఎన్నాళ్ళయింది? అన్నం తింటూ మెసేజులు, పాలిస్తూ మెసేజులు, జాహ్నవికి అ ఆలు దిద్దిస్తూ చీర మడతలు. ఎవరితో మాట్లాడుతున్నా సగమే అక్కడ ఉంటుంది. మిగతా సగం ఎక్కడుంటుందో తనకే తెలియదు.

జాహ్నవి పక్క గదిలో షాపు ఆట ఆడుకుంటోంది. హాయ్ సిస్టర్స్, వెల్కమ్ టు అవ్వ పెట్టె, ఈ శారీ సూడండి ఎంత బాగుండాదో అని తువ్వాలు చూపిస్తోంది గోడకు. హార్లిక్స్ సీసా దాని గల్లాపెట్టె. బిళ్ళలన్నీ గచ్చు మీద కుప్పపోసి ఉన్నాయి. తాడు వదిలి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. పెద్ద రూపాయలు, చిన్న రూపాయలు, అంచులు పువ్వులా ఉన్న పది పైసలు, పసుపంటినవి, పసుపంటినట్టు కనిపించేవి. ఆ రోజు మంచం కిందికి దొర్లింది ఏది? జాహ్నవిని అడిగింది. అన్నీ ఆ మంచం కిందివే అని చెప్పింది జాహ్నవి, వ్యాపారం మధ్యలో ఇదేం గోల అన్నట్టు చూసి.

అప్పుడు తట్టింది ఆమెకు, అరచేతిలో బిళ్ళలు పట్టుకుని. ఇవన్నీ డబ్బులేనా? వీటిలో ఎన్ని ఏ అవ్వ సంతకు పోవడానికి కట్టుకున్నవి, ఎన్ని మొక్కుకుని కట్టినవి? కొడుకు లారీ క్షేమంగా తిరిగిరావాలని, కూతురికి మొగుడితో పొత్తు కుదరాలని, బావిలో నీళ్ళు పడాలని. ఎవరెవరి ముళ్ళు పళ్ళతో లాగి విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి పంపేసిందో. వాళ్ళకు ఏమైంది? తనకు ఇలాంటి నమ్మకాలున్నాయా అంటే, బస్సులో గుడి కనబడితే గుండె మీద చెయ్యి వేసుకునేంత ఉంది, అంతకంటే లేదు అనుకునేది. ఈ క్షణం అది కొలిచి చూసుకునే ఓపిక లేదు. ఆసుపత్రిలో ఒక పిల్ల పళ్ళు బిగబట్టి ఉంది. ఆ పిల్లకు ఏమన్నా అయితే గంగమ్మ కాదు, డాక్టర్లు కాదు, తన పళ్ళే గుర్తొస్తాయి తనకు, బతికినన్నాళ్ళు. భయమేసింది. నిజంగా భయమేసింది.

ఒక పెద్ద రూపాయి ఎంచుకుంది. వంటింట్లోంచి గుప్పెడు బియ్యం, చిటికెడు పసుపు. స్టిక్కరు చింపి, కాగితం విప్పి, కొంగు పరుచుకుని ముడేసింది. అయిపోయింది. ఇంతేనా? చూస్తే అదేదో అప్పుడే కట్టిన ముడిలా ఉంది, మరి అప్పుడే కట్టింది కదా. ఇస్త్రీ కొంగు బట్టలకొట్టులోలా నిగనిగలాడుతోంది. విప్పి కొంగు నలిపింది. అరచేతుల మధ్య పెట్టి రుద్దింది, మంచం కోడు కింద పెట్టి నొక్కింది, పసుపు నీళ్ళు అద్ది ఫ్యాను కింద ఆరబెట్టింది. మళ్ళీ కట్టింది, ఈసారి పళ్ళతో బిగించింది. నెలల నాటిదిలా ఉందా? ఉంది. బాగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, బెంగుళూరులో ఒకామె కొత్త చీరల్ని టీ డికాక్షనులో ముంచి పాతవని అమ్ముతుందని తెలిసి, తను లైవ్‌లో ఆమె పేరెత్తకుండా ఎంత కడిగిపారేసిందో. మన దగ్గర అన్నీ నికార్సయిన పాతవే సిస్టర్స్ అని. ఎన్ని లైకులు వచ్చాయో ఆ రోజు. చీర మడత పెట్టి, ముడి పైకి కనబడేట్టు పెట్టి, దాని వైపు చూడకుండా ఉయ్యాల తాడు పట్టుకుంది.

"అమ్మా, యాల కట్నావు?" అని జాహ్నవి గుమ్మంలోంచి.

ఊరికే అన్నది. జాహ్నవి కాసేపు ఆలోచించి, తువ్వాలు కొసన పది పైసలు పెట్టి ముడెయ్యడం మొదలెట్టింది, నాలుక బయటపెట్టి, లోకంలో ఇంకేమీ లేనట్టు. దాన్ని చూస్తుంటే కుళ్ళొచ్చింది రమ్యశ్రీకి, కడుపున పుట్టిన దాని మీద.

బస్సు ఎక్కడిదాకా వచ్చుంటుంది? టమోటా తోటలు, కట్టెలకు కట్టిన తీగలు, గంపలెత్తడానికి ఆపమని చెయ్యెత్తే రైతులు, ఆ డ్రైవరు ప్రతి చోటా ఆపుతాడు. ఆపనీ. ఇంకా ఆలస్యం కానీ. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంటుందా? పొడుగ్గా ఉంటుందేమో, గొంతు అలా ఉంది. తన రెండో కాన్పు గుర్తొచ్చింది. నొప్పులు రావడం పోవడం మధ్యలో, నర్సులు పండక్కి కొనుక్కునే బట్టల గురించి మాట్లాడుకుంటున్నారు, తనేమో జాహ్నవికి ఎవరు అన్నం పెట్టారో అనుకుంటోంది, చివరికి ప్రాణం పోతుందనిపించినప్పుడు కూడా ఏదో చీర ఆర్డరు గుర్తొచ్చింది. తర్వాత ఏదీ లేదు. బిడ్డ బయటపడ్డాక ఏడ్చేదాకా ఒక చిన్న ఖాళీ ఉంటుంది చూడు, అందులో మాత్రం ఏ ఆలోచనా రాలేదు. చెవులు తప్ప ఒంట్లో ఇంకేమీ మిగల్లేదు. వాడు కేరుమన్నాడు. ఆ తర్వాత మళ్ళీ అన్నీ వచ్చిపడ్డాయి, అన్నం, ఆర్డర్లు, అత్తగారు.

చెప్పేస్తే? అమ్మా నేను తెలీక విప్పేసినా అని. ఏమవుతుంది, తిడుతుంది. వీధిలో అందరికీ చెబుతుంది, మాధవీలత పుట్టింటివాళ్ళు చెబుతారు, ఇక ఈ చుట్టుపక్కల ఎవరూ పెట్టె తెరవరు, అవ్వ పెట్టె మూసుకోవాలి. అది కూడా పరవాలేదు, స్కూలుకు మళ్ళీ పోవచ్చు. కానీ ఆమె ఇప్పుడు ఆసుపత్రికి పోవాలి. ముడి చెదిరిందన్న మాట గుండెలో పెట్టుకుని కోడలి దగ్గరకు పోతే ఆ ముఖం చూసి కోడలు ఏమనుకోవాలి? చెప్పకపోవడమే పుణ్యం. ఎంత చక్కగా దొరికింది కారణం. మంచి కారణాలు ఎప్పుడూ మనకు పనికొచ్చే వైపే ఉంటాయేమో. తాడు లాగుతూనే ఉంది. ఎప్పుడు పడుకున్నాడో, పిల్లోడు నోరు తెరుచుకుని పడుకున్నాడు. ఇన్నాళ్ళకు వాడు అడిగినట్టు పడుకుంటే ఇప్పుడు ఆ నిశ్శబ్దం భరించలేకపోతోంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

సుభద్రమ్మ పొట్టి మనిషి. వైరు బుట్ట, చంకలో గొడుగు, రెండు బస్సులు మారిన దుమ్ము ముఖమంతా. లోపలికి వచ్చి ముందు ఉయ్యాల వైపు చూసింది, తర్వాత రమ్యశ్రీ వైపు. మంచినీళ్ళు అడిగి తాగింది. ఇంకా కాలేదంట, ఆసుపత్రిలో సాయంత్రం దాకా చూద్దామంటాండారంట అని చెప్పింది. జాహ్నవి గడ్డం పట్టుకుని పేరడిగింది. రమ్యశ్రీ చీర తెచ్చి చేతుల్లో పెట్టింది. ఆమె ముడిని పరీక్షగా చూడలేదు, తిప్పి చూడలేదు. పిడికిట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది, పెదాలు కదిలాయి. అంతే. చీరను బుట్టలో పెట్టుకుని లేచింది. అంత నలిపి, అంత పసుపు పూసి చేసిన పాతదనం ఎవరికీ అక్కర్లేకపోయింది.

గుమ్మం దగ్గర ఆగింది. "మాధవికి ఈ ముడి సంగతి చెప్పొద్దమ్మా. తెలీక ఇచ్చింది బిడ్డ. తెలిస్తే నొప్పుల మీద అదొక దిగులు."

సరేనమ్మా అని తలూపింది రమ్యశ్రీ. సుభద్రమ్మ గుమ్మం దాటింది. ఒక మెట్టు దిగింది. అయిపోయినట్టే. ఇక లైవ్ పెట్టుకోవచ్చు, పిల్లోడు పడుకున్నాడు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అంతా అనుకున్నట్టే జరిగింది. తనను నమ్మి, తన దగ్గరే ఒక మాట దాచమని ఇచ్చి పోతోంది ఆ మనిషి.

"అమ్మా, ఆ ముడి నేను కట్టింది. ఇంతకుముందే. నువ్వు కట్టింది నేను విప్పేసినా."

సుభద్రమ్మ వెనక్కి తిరిగింది. మెట్టెక్కి వచ్చి, బుట్ట దించి, గచ్చు మీద కూర్చుంది. కాళ్ళు నొప్పి పుట్టి కూర్చున్నట్టు కూర్చుంది. రమ్యశ్రీ కూడా ఎదురుగా కూలబడింది. తిట్టు, తిట్టు తల్లీ అనుకుంది. కింద మగ్గం ఆగి మళ్ళీ మొదలైంది.

"విప్పేటప్పుడు ఏమనుకున్న్యావు?"

ఏమనుకుంది? ఏ అవ్వ డబ్బులో పాపం అని, అది కూడా సగం మనసుతోనే. ఏమీ అనుకోలేదని, పిల్లోడికి జ్వరమని, మనసు అక్కడ లేదని చెప్పింది.

"కట్టేటప్పుడు?"

"నీకు దొరక్కూడదని."

సుభద్రమ్మ తల ఊపింది, అది కూడా లోకంలో జరిగేదే అన్నట్టు. చీర బయటికి తీసింది. ముడి విప్పడానికి వేళ్ళు సరిపోయాయి ఆమెకు, పళ్ళతో పని పడలేదు. రూపాయి, పసుపు బియ్యం గచ్చు మీద పెట్టింది. పోయినసారి బిడ్డ గురించి చెప్పింది. నెలలు నిండి పుట్టాడు, తల నిండా జుట్టు, చేతులు కాళ్ళు అన్నీ బాగున్నాయి. ఏడవలేదు. నర్సు కాళ్ళు పట్టి తలకిందులు చేసి వీపు మీద చరిచింది. ఏడవలేదు. గది బయట నిలబడి తను చెవులు రిక్కించుకునే ఉంది, పొద్దు గూకేదాకా. ఈ మాట చెబుతున్నంతసేపూ చీర అంచును అదే పనిగా సవరిస్తూ ఉంది.

కొంగు తీసి రమ్యశ్రీ ఒళ్ళో పెట్టింది. "విప్పిన చెయ్యే కట్టాల. నా కోడల్ని తలుసుకోని కట్టమ్మా. ఇంకేమీ తలుసుకోవద్దు."

రూపాయి పెట్టింది, బియ్యం పెట్టింది, మడిచింది. మాధవీలతను తలుచుకుంది. ఆ రోజు చీరలు ఇస్తూ సోఫాలో కూర్చోలేక నిలబడే మాట్లాడింది ఆ పిల్ల, నడుం మీద చెయ్యి పెట్టుకుని. నడుం మీద చెయ్యి, గాజులు, సీమంతం గాజులు, సీమంతం చీరలకు ఈమధ్య గిరాకీ, డాక్టరమ్మకు ఇంకో చీర చూపించాలి, డబ్బు వెనక్కి పంపాలా. ముడి పడింది. అది డాక్టరమ్మ ముడి. రమ్యశ్రీ దాన్ని తనే విప్పింది. మళ్ళీ మొదలెట్టింది. ఆసుపత్రి మంచం, ఆకుపచ్చ దుప్పటి, పళ్ళు బిగబట్టిన పిల్ల, ఈ ముడి సరిగ్గా పడకపోతే తనకెంత పాపమో, తను, తన పాపం, తన పేరు. అది కూడా విప్పింది. ఇంత చిన్న పని ఇంత కష్టమని ఎవరన్నా చెబితే నవ్వి ఉండేది. కొంగు మీద కన్నీళ్ళు పడ్డాయి, తుడుచుకోలేదు.

పిల్లోడు లేచాడు. ఒక్కసారిగా, ఎప్పట్లాగే, కేరుమని. ఆమె ఒళ్ళు దానంతటదే ఉయ్యాల వైపు తిరిగింది, మోకాలు లేచింది. సుభద్రమ్మ ఆమె మణికట్టు మీద చెయ్యి వేసింది.

"ఏడవనీమ్మా. ఏడిసే బిడ్డకు ఏం కాదు."

కూర్చుంది. పిల్లోడు గొంతు చించుకుంటున్నాడు, ఉయ్యాల ఊగిపోతోంది. జాహ్నవి తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి తమ్ముణ్ణీ అమ్మనూ మార్చి మార్చి చూస్తోంది. ఆ ఏడుపు తప్ప గదిలో ఇంకేదీ వినబడలేదు. ఇలాగే, ఇంత గట్టిగా, ఊపిరితిత్తులు పగిలేట్టు, ఆసుపత్రి గదిలో, మాధవీలత కాళ్ళ దగ్గర, ఆ బిడ్డా ఏడవాలి. రమ్యశ్రీ రెండు కొసలూ పట్టుకుని లాగింది.